ఫ్రేములో లేనివాడు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ నోటుబుక్కు తెలుగులోనే రాస్తాను. మా తమ్ముడు తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవమంటే తల గోక్కుంటాడు. రైలు పట్టాల పక్కన బొగ్గు ఎత్తి దించే మా సైడింగులో తెలుగు చదవడం వచ్చినవాళ్లం ఇద్దరమే, నేనూ మా సూపర్‌వైజరు అమోసు మామా. నేను చదివింది పదో తరగతి దాకా, మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు చర్చిలో పాటల పుస్తకం మీద వేలు జరుపుతూ నేర్చుకున్నాను. అందుకే నేను రాసింది చదివి వినిపిస్తే ఉపదేశం లాగా ఉంటుందని తమ్ముడు వెక్కిరిస్తాడు. ఉండనీ.

సమాజ్ మందిర్‌లో రెండో వీడియో క్లాసు అయింది. ఆరుగురు పిల్లలు, రెండు కెమెరాలు. కెమెరాలు నాగ్‌పూర్ సంస్థవి. ఆ సంస్థలో పనిచేసే ఉజ్వల తాయి (మరాఠీలో తాయి అంటే అక్క) నాకు ఆరు రోజులు నేర్పింది, మిగిలింది నేను ఫోనులో చూసి నేర్చుకున్నాను. ఇప్పుడు నేను మాస్టర్ని! బొగ్గు సైడింగులో కాంట్రాక్టు తీసుకున్న ఠేకేదారు కింద పని చేసేవాడు ఆదివారం పూట మాస్టరు.

పిల్లలకు ఒకటే చెప్పాను. ఫ్రేములో మూలమూలా ఏముందో చూసే బాధ్యత కెమెరా పట్టినవాళ్లది. మనకోసం నోరు విప్పినవాళ్లకు ఏమైనా అయితే అది మన తప్పు.

ధనరాజ్ గాడు చెయ్యెత్తాడు. "అన్నా, మరి మంచిగైతే?"

"మంచిగైతే వాళ్ల గొప్ప."

"అంటే మనకు ఏం లేదన్నట్టు. గీ క్లాసుకు ఎందుకొచ్చిన్నో ఏమో!"

అందరూ నవ్వారు. అక్సా మాత్రం నవ్వలేదు, రాసుకుంది. పదిహేడేళ్ల పిల్ల. చెప్పినదంతా రాసుకుంటుంది.

ఫిబ్రవరి 12

మా సైడింగులో ఊడ్చే రుక్మిణక్క కాలు బొగ్గెత్తే లోడరు బండి కింద పడింది. మోకాలి కింద ఏమీ మిగల్లేదు. పట్టాల మధ్య రాలిన బొగ్గు ఊడుస్తోంది, లోడరు వెనక్కి వచ్చింది.

నేను లారీ మీదున్నాను. బొగ్గు మీద కప్పే తాడ్‌పత్రి కడుతున్నాను. బొగ్గు దుమ్ములో నాకేమీ సరిగా కనబడలేదు.

ఫిబ్రవరి 14

దవాఖానా కాగితంలో "ఇంట్లో మెట్ల మీద నుంచి పడింది" అని రాయించారు. రుక్మిణక్క ఇంటికి మెట్లే లేవు. రేకుల ఇల్లు, గడప దాటితే మురికి కాలువ. ఆమెను జీపులో వేసుకుపోయింది అమోసు మామ. రాయించింది కూడా ఆయనే. ఠేకేదారు చెప్పాడు, ఈయన రాయించాడు. ఇంట్లో పడితే ఠేకేదారుకు సంబంధం లేదు కదా. ఆదివారం చర్చిలో తెల్ల చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చుంటాడు. సంఘపెద్ద!

ఎవడి మీద కోపమో నాకే తెలియడం లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

క్లాసులో అక్సా లేచి నిలబడింది. "మనం గిదే తీద్దాం అన్నా. రుక్మిణక్కది."

పిల్లలందరూ ఒక్కసారి లేచారు. వాళ్ల కళ్లు చూస్తే భయమేసింది, సంతోషమూ వేసింది. నేనే కదా చెప్పాను, కెమెరా ఉన్నది పెళ్లిళ్లు తీయడానికి కాదని. బోర్డు మీద రాశాను: ఎవరు చూశారు? ఎవరు చెప్తారు?

రుక్మిణక్కను వాళ్లాయన మాట్లాడనివ్వడం లేదు. లోడరు డ్రైవరు బిహార్ వెళ్లిపోయాడు, వెళ్లిపోయాడో పంపించారో. ఆమెతో పాటు ఊడుస్తున్నది ఒక్క సంతోషమ్మత్తే. అక్సాకు సొంత పెద్దమ్మ.

ధనరాజ్ అన్నాడు: "నువ్వు ఆడనే ఉంటివి కదన్నా, నువ్వే చెప్పరాదు?"

"నేను లారీ మీదున్నా. దుమ్ముల ఏం కనిపించలె" అన్నాను. "చూసినోళ్లనే అడగాలె. సాక్ష్యమంటే గదే."

అక్సా అదీ రాసుకుంది.

మార్చి 2, ఆదివారం

చర్చి అయ్యాక అక్సానూ నన్నూ సంతోషమ్మత్త ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి. భర్త లేడు. ఒక్కతే, సైడింగు పనితో బతుకుతోంది.

"నా మొకం కనబడది కదా బిడ్డా?"

"కనబడది పెద్దమ్మా" అంది అక్సా. "ఎనుక నుంచి తీస్త. నీ కొప్పు కనబడ్తది, అంతే."

"కొప్పు గూడ గుర్తువడ్తరే మీ పెదనాయన లెక్క. ఎంతమందిల ఉన్నా నా కొప్పు సూసి దూరం నుంచే ఒర్రి పిలిశెటోడు."

"గొంతు గూడ మారుస్తమత్తా" అన్నాను.

"అమోసుకు తెలిస్తే రేపే గేటు కాడ ఆపుతడు. ఆయన నాకు సుట్టమే, గని ముందుగాల ఠేకేదారుకు సుట్టం." కప్పు కింద పెట్టింది. "రుక్మిణి నా పక్కపొంటి పదకొండేండ్లు ఊడ్సింది. దాని కేక నా చెవులల్ల ఉన్నది. చెప్తా తియ్యి. నువ్వు మాటిస్తున్నవు కద, ఎడ్వర్డూ?"

నా మీద నమ్మకంతో కూర్చోమని చెప్పాను. సరిగ్గా ఈ మాటలే.

మార్చి 9, ఆదివారం

సంతోషమ్మత్తను తీశాం. పొద్దున్నే తూర్పు కిటికీలోంచి వెలుతురు. అక్సా ఫ్రేము చాలా బాగా పెట్టింది. అత్త వీపు, కొప్పు మీద కొంగు, ఎదురుగా నీలం గోడ. గంటకు పైగా మాట్లాడింది. ఎక్కడా తడబడలేదు.

నాకు మంచి నిద్ర పడుతుంది ఈరోజు.

మార్చి 15

సెకండ్ షిఫ్టు వాళ్లతో మార్చుకుని పొద్దంతా ఎడిటింగ్. గంట మాటల్ని ఏడు నిమిషాలకు తెచ్చాను. గొంతు లావు చేశాం. ధనరాజ్ విని కింద పడి దొర్లాడు: "అరే బాప్ రే! పెద్దమ్మకు రాక్షసుని గొంతు వచ్చింది." అక్సా వాడి వీపు మీద ఒకటేసింది.

ఒకచోట కుక్కర్ విజిల్ పడింది. ఆ నాలుగు సెకన్లు తీసేశాను.

మార్చి 30, ఆదివారం

నాగ్‌పూర్‌లో చూపించాం. యాభై మంది ఉంటారు. అయిపోయాక చప్పట్లు. ఉజ్వల తాయి నన్ను ముందుకు పిలిచి భుజం మీద చెయ్యి వేసింది. "ఆ గోడ చూడండి. ఆమె ముఖం లేదు, కానీ ఆమె ఇల్లు ఉంది. ఆమె నమ్మకం ఉంది. ఎడ్వర్డ్, వా!"

రైలులో పిల్లలు పల్లీలు తింటూ పాటలు పాడారు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఆమె మాటలే మళ్లీ మళ్లీ అనుకున్నాను. నాకు ఇరవై నాలుగేళ్లు. ఇప్పటిదాకా నన్ను వా అన్నవాళ్లు లేరు.

ఏప్రిల్ 4

తాయి ఆ ఏడు నిమిషాల్నీ కార్మికుల వాట్సాప్ గుంపులో పెట్టింది. ముందు నన్ను అడిగింది. పెట్టండి అన్నాను.

ఏప్రిల్ 8

గేటు దగ్గర సంతోషమ్మత్త పని టోకెన్ తీసేసుకుని వెనక్కి పంపేశారు. వెనక వరుసలో నేనున్నాను. వరుస ముందుకు కదిలింది. కదిలాను.

ఏప్రిల్ 9

ఎలా తెలిసింది? ముఖం లేదు. గొంతు లేదు. పేరు లేదు.

ఏప్రిల్ 10

వాగ్దానం కార్డు.

నీలం గోడ మీద సంతోషమ్మత్త తల పక్కన ఉంది. పసుపు అంచు, ఏరు, ఏటి ఒడ్డున రెండు గొర్రెలు, కింద తెలుగులో వాక్యం. డిసెంబరు 31 ఆరాధనలో ప్రతి ఇంటివాళ్లూ పళ్లెంలోంచి ఒక కార్డు తీస్తారు. ఆ ఏడాదికి దేవుడు ఆ ఇంటికి ఇచ్చిన మాట అది. ఇంటికి తెచ్చి గోడకు పెట్టుకుంటారు, ఏడాదంతా తీయరు. ఈసారివి పాస్టరయ్య మంచిర్యాల నుంచి తెప్పించాడు. ఒక దాని మీద ఉన్న వాక్యం ఇంకో దాని మీద ఉండదు. పళ్లెం పట్టుకున్నది అమోసు మామ.

కెమెరా మంచిది. అక్షరం అక్షరం కనబడుతోంది.

అక్సా చూసుకోవాల్సింది. మూలమూలా చూడమని క్లాసులో ముందే చెప్పాను.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఆరాధన అయ్యాక చర్చి బయట పండుగ ఈత మట్టలు పట్టుకుని అందరం నిలబడి ఉన్నాం. అమోసు మామ ఫోను ఎత్తి చూపించాడు.

"సూడుండ్రి. నా పళ్లెంల నుంచి తీసిన కార్డు. ఎవరి చేతికి వచ్చిందో నాకు యాది లేదనుకున్నరా? మన సంఘం ఇజ్జత్ తీసి నాగ్‌పూర్‌ల బజార్ల పెట్టిండ్రు." కోపంగా కూడా అనలేదు, బాధగా అన్నాడు. అదే నాకు మండింది. "సంతోషమ్మకు గంత తెలివి లేదు. ఎవలు తీసిండ్రు గిది?"

సంతోషమ్మత్త అక్కడే ఉంది. అక్సా ఉంది. అక్సా వాళ్ల అమ్మా ఉంది. అమోసు మామ నన్నే చూస్తున్నాడు.

"కెమెరా అక్సాది" అన్నాను.

అబద్ధం కాదు. కెమెరా అక్సానే పట్టింది.

సంతోషమ్మత్త చెల్లెలి వైపు తిరిగి, "నీ బిడ్డను నా గడప తొక్కనియ్యకు" అంది. తన చేతిలో మట్ట అక్సా కాళ్ల దగ్గర పడేసి వెళ్లిపోయింది. అక్సా నా వైపు ఒక్కసారి చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 14

ఈరోజు జయంతి. ఊరంతా నీలం జెండాలు, డీజేలు. నేను తలుపేసుకుని కూర్చున్నాను. కెమెరా అక్సాది, కెమెరా అక్సాది. ఈ ముక్క వదలడం లేదు.

ఏప్రిల్ 17

రాయాలి.

ఆ రోజు షూటింగుకు ముందు అక్సా గోడ దగ్గరకు వెళ్లి, "అన్నా, గీ కార్డు తీసేద్దామా?" అని అడిగింది. మేకు మీద చెయ్యి కూడా వేసింది. నేను ఉండనీ అన్నాను. "ఉట్టి గోడ అయితే జైలు లెక్క కొడ్తది" అన్నాను. ఎడిటింగులో మళ్లీ అడిగింది, కనీసం మసక చేద్దామా అని. నాగ్‌పూర్‌లో తెలుగు చదివేవాడెవడు అన్నాను. తీసేస్తే ఫ్రేము చచ్చిపోతుంది అన్నాను.

రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ నేనే.

ఏప్రిల్ 18, శుభ శుక్రవారం

ఇది కూడా రాయాలి, లేకపోతే నిన్నటిది సగం అబద్ధం.

డిసెంబరు 31న అమోసు మామ కళ్లద్దాలు మరిచిపోయి వచ్చాడు. సంఘంలో చాలామందికి తెలుగు చదవడం రాదు, కాబట్టి తీసిన కార్డును సంఘపెద్ద మైకులో చదివి వినిపించాలి. "నువ్వు సదువురా" అని నా చేతికి మైకు ఇచ్చాడు. పళ్లెం ఆయన పట్టుకున్నాడు. పక్కన నేను నిలబడి నలభై రెండు ఇళ్ల కార్డులు చదివాను.

సంతోషమ్మత్త కార్డు చదివింది నేను. ఆమె "మల్లొక్కసారి సదువు బిడ్డా" అంటే రెండోసారి కూడా చదివాను. ఆ గొర్రెల బొమ్మను చూపించి నవ్వింది కూడా.

ఆ కార్డు ఎవరిదో భూమ్మీద ముగ్గురికి బాగా తెలుసు. ఆమెకు, అమోసుకు, నాకు.

ఏప్రిల్ 20, ఈస్టరు

నేను చర్చికి వెళ్లలేదు. పదకొండింటికి అక్సా సమాజ్ మందిర్‌కు వచ్చింది. క్లాసుకు కాదు. కెమెరా, మెమరీ కార్డులు బల్ల మీద పెట్టింది. అమ్మ వద్దంటోందని చెప్పింది.

"అక్సా, ఆ దినం చర్చి కాడ..."

"గది ఇడిసిపెట్టు. నేను ఇంకోటి అడగాలె." తన ఫోను తీసింది. "మొత్తం గంట నేను మల్ల విన్న. నువ్వు నాలుగు సెకండ్లు తీసేసినవ్."

"విజిల్ ఉండె."

"అండ్ల విజిల్ లేదన్నా. విను."

ఫోను బల్ల మీద పెట్టి నొక్కింది. మార్చని గొంతు, సంతోషమ్మత్త అసలు గొంతు. "జెండా పట్టేటోన్ని అమోసు లారీ ఎక్కమన్నడు." అంతే. ఒక్క వాక్యం. దాని వెనక ఎక్కడో ఒక కోడి కూత ఉంది, అంతే.

"జెండా పట్టేటోడు ఎవలన్నా?" అంది అక్సా.

బయట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. బంతి రేకుల మీద పడి దొర్లింది.

"నాకెర్కలే" అన్నాను.

ఫోను తీసుకుంది. తలుపు దగ్గర ఆగింది. "నువ్వు మస్తు నేర్పినవ్ అన్నా. చప్పుడు ఎట్ల వినాల్నో గూడ నువ్వే నేర్పినవ్."

ఏప్రిల్ 21

లోడరు వెనక్కి వచ్చేటప్పుడు వెనక ఎర్ర జెండా పట్టుకుని ఒకడు నిలబడాలి. మనిషి అడ్డముంటే జెండా ఎత్తాలి, డ్రైవరు ఆపాలి. ఫిబ్రవరి 12న ఆ మనిషిని నేను.

ఎనిమిది లారీలు నిలిచిపోయి ఉన్నాయి. అమోసు మామ వచ్చి "జెండా ఆడ పెట్టి పైకెక్కురా, తాడ్‌పత్రి కట్టు, బండ్లు ఆగినయ్" అన్నాడు. అక్క వాళ్లు పట్టాల మీద ఉన్నారని అన్నాను. "వాళ్లకు చెవులున్నయ్ లే" అన్నాడు. నేను జెండాను బొగ్గు కుప్పలో గుచ్చి పైకెక్కాను. ఎక్కకుండా ఉంటే ఏం చేసేవాడు? పనిలోంచి తీసేసేవాడు. అంతే కదా చేసేది. ఎక్కాను.

పైనుంచి చూస్తే దుమ్ము లేదు. అంతకు ముందు రోజు కురిసిన వానకు బొగ్గు ఇంకా తడిగానే ఉంది. అంతా కనబడింది. రుక్మిణక్క వంగి ఊడుస్తోంది, చెవులకు స్కార్ఫు చుట్టుకుని ఉంది. లోడరు వెనక్కి కదిలింది. నేను అరిచాను. అరిచాను అనుకుంటున్నాను. నోట్లో తాడు ఉంది, ముడి బిగించడానికి పళ్లతో పట్టుకున్నాను.

పిల్లలకు సాక్షిని వెతకమని చెప్పాను. బోర్డు మీద రాశాను. సంతోషమ్మత్తను కూర్చోబెట్టాను. ఆమెకు ప్రమాదమైనదాన్ని ఉంచాను, నాకు ప్రమాదమైనదాన్ని కోశాను. దీన్ని ఎడిటింగ్ అంటారు కాబోలు.

ఏప్రిల్ 22

తాయికి ఫోను చేసి అంతా చెప్పాను. ఆమె మరాఠీలో నెమ్మదిగా అంది, "ఎడ్వర్డ్, ఇప్పుడు నువ్వు కెమెరా ముందు ఏమీ చెప్పకు. జెండా వదిలింది నువ్వే కాబట్టి కేసు నీ మీదే పెడతారు. సూపర్‌వైజర్ నేను చెప్పలేదంటాడు. ముందు వకీలును అడుగుదాం. థాంబ్ జరా."

ఆగు అంది. ఆగడానికి ఇంత మంచి కారణం దొరికిందని నాకు ఎంత హాయిగా అనిపించిందో, అది కూడా రాసుకోవాలి.

ఏప్రిల్ 24

షిఫ్టు కాగానే సంతోషమ్మత్త ఇంటికి వెళ్లాను. గడప బయట నీడలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఒక షావుకారు బస్తాలు ఇచ్చి పోతాడట, ఇప్పుడదే పని. వేళ్లు నల్లగా పగిలి ఉన్నాయి.

నిలబడే అంతా చెప్పాను. కార్డు, అక్సా అడిగినది, చర్చి దగ్గర నేను అన్నది, నాలుగు సెకన్లు, జెండా. ఆమె చెయ్యి ఆగలేదు. చెప్పడం అయ్యాక కూడా మూడు నాలుగు గింజలు తీసింది.

"జెండా నీదని నాకెర్కే. నేను ఆడనే ఉంటిని కద."

"మరి నా పేరు ఎందుకు చెప్పలేదత్తా?"

"పిలగానివి. పని పోతదని." గింజ పక్కన పడేసింది. "జెండా పట్టేటోడు అన్న. నువ్వే చెప్తవు అనుకున్న. ఎదురుంగ కూసున్నవు కద, పిల్లగాండ్లకు మాస్టర్‌వి. చెప్పలె. మల్ల ఏమో అడిగినవు, నేను గదే చెప్పుకుంట పోయిన."

నాకు గుర్తుంది. తర్వాతి ప్రశ్న నేను చాలా త్వరగా అడిగాను.

"కార్డు సంగతైతే నా మనసు ఇరిగింది" అంది. "గోడకున్నదని నాకు సోయి లేదు. దినాం సూసేదే, ఇంకేం కనబడ్తది? నీకుండె. మైకుల సదివినోనివి నువ్వే. రెండు మాట్ల సదివించుకున్న."

నాకు ఏడుపు ఆగలేదు. వీధిలో, పట్టపగలు, చేతులు కట్టుకుని నిలబడి ఏడ్చాను.

"ఏడుస్తే ఆ పక్కకు జరిగి ఏడు. చింతపండు ఉప్పైతది, షావుకారు తిడ్తడు." నవ్వలేదు. "నీ ఏడుపు పట్టుకొని నేనేం జేసుకోను? కూసుండు. ఆ చేతులు కడుక్కొని గింజలు తియ్యి."

కూర్చున్నాను. సాయంత్రం దాకా తీశాం. లేచేటప్పుడు అంది: "అక్సా తల్లికి నువ్వే పోయి చెప్పు. నేను ఆ పిల్ల కాళ్ల కాడ మట్ట పడేసిన. పండుగ మట్ట. నాకు నిద్ర పడ్తలేదు."

"మీ పని మల్ల..."

"నా పని వచ్చేటట్టు లేదు. దానికి నువ్వు మాట ఇయ్యకు. మాటలు ఇచ్చుడు బంద్ చెయ్యి జెర."

ఏప్రిల్ 25

అక్సా వాళ్ల అమ్మ నన్ను లోపలికి రమ్మనలేదు. గుమ్మం దగ్గరే విన్నది. విని, "గంతమందిల నా బిడ్డ మీద పెట్టినవ్. ఒక్కదాని ముందట వచ్చి చెప్తున్నవ్" అని తలుపేసింది.

సరిగ్గానే అంది.

ఏప్రిల్ 27, ఆదివారం

ఆరాధన అయ్యాక ప్రకటనల సమయంలో లేచి నిలబడ్డాను. కార్డు ఉంచమన్నది నేనే, అక్సా రెండుసార్లు తీసేద్దామంది అని చెప్పాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. "జెండా సంగతి కూడా చెప్తాను" అన్నాను. అమోసు మామ లేచి "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. సంఘమంతా కళ్లు మూసుకుంది. కళ్లు మూసుకున్నవాళ్లకు ఏం చెప్తాం?

బయట నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు. "బిడ్డా, జెండా ఇడిసిపెట్టి పోయింది నువ్వు. నేను ఎక్కమన్ననని ఎవలు విన్నరు? ఒక్కసారి సోంచాయించు. నిన్ను కాపాడుకుంట వస్తున్న నేను." మాట్లాడుతూనే రెండుసార్లు వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. ఆయనకూ భయమే, ఠేకేదారంటే. ఇన్ని రోజులు అది నాకు ఎందుకు కనబడలేదో.

"సంతోషమ్మత్త విన్నది మామా" అన్నాను.

మధ్యాహ్నం సమాజ్ మందిర్‌కు వెళ్లేసరికి పిల్లలు ఆరుగురూ ఉన్నారు. అక్సా కూడా. కెమెరా అప్పటికే స్టాండు మీద ఉంది. ఎదురుగా కుర్చీ. వెనక గోడ మీద ఏమీ లేదు, క్యాలెండరు కూడా తీసేశారు.

"కూసో" అంది. అన్నా అనలేదు.

వకీలును అడగలేదు. అడిగితే ఆగమంటాడు, ఆగితే మళ్లీ ఆగుతాను. నన్ను నేను ఎరుగుదును.

ధనరాజ్ మైకు తగిలించాడు. వాడు కూడా ఈరోజు జోకులు వేయలేదు. అక్సా మూలమూలా చూసింది, స్టాండు ఒకసారి జరిపింది, మళ్లీ చూసింది. "ముందుగాల పేరు చెప్పు" అంది.

చెప్పాను. పదకొండు నిమిషాలు మాట్లాడాను.

మే 2

రుక్మిణక్క ఇంటికి వెళ్లాం, నేనూ అక్సా. ఆమె మంచం మీద ఉంది. వాళ్లాయన మొదట లోపలికి రానివ్వలేదు. నేను చెప్పింది ఫోనులో చివరిదాకా విన్నాడు. తర్వాత నా చెంప మీద ఒకటి కొట్టాడు. తర్వాత మేము రాసి తెచ్చిన నష్టపరిహారం దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. రుక్మిణక్క వేలిముద్ర వేసింది. నన్ను చూసి, "ఆ దినం నువ్వు ఒర్రినవా?" అని అడిగింది.

"తెల్వదక్కా" అన్నాను. నిజమే చెప్పాను.

మే 4, ఆదివారం

అక్సా ఎడిట్ చేసి చూపించింది. సోమవారం దరఖాస్తుతో పాటు కామ్‌గార్ ఆఫీసులో, అంటే లేబర్ ఆఫీసులో, ఇవ్వాలి. సంతోషమ్మత్త నాలుగు సెకన్లు మళ్లీ పెట్టింది, ఆమెను అడిగే పెట్టింది. గోడ కనబడకుండా కొప్పు దాకా కోసేసింది. ఫ్రేము చచ్చిపోలేదు.

తర్వాత నేను వస్తాను. నలభై సెకన్లు.

"మిగిలింది ఏది?" అన్నాను.

"పదకొండు నిమిషాలు మాట్లాడినవ్. అండ్ల పది నిమిషాలు నీ గురించే."

"నేను క్షమించమని అడిగింది..."

"రుక్మిణక్క దరఖాస్తుల అది దేనికి పనికొస్తది?"

"ఒక్క వాక్యం ఉంచరాదు. చివర్న."

ఆ వాక్యం తెర మీదకు తెచ్చింది. నా ముఖం, తడి కళ్లు, వెనక ఖాళీ గోడ. చూడ్డానికి బాగుంది. చాలా బాగుంది. అక్సా నా వైపు చూసి, నేను చూస్తుండగానే తీసేసింది.

మొదటి నుంచి మళ్లీ వేసింది. నా పేరు చెప్పాను, టోకెన్ నంబరు చెప్పాను. ఆ రోజు నేను ఎక్కడ నిలబడాల్సి ఉందో చెప్పాను, ఎవరు ఎక్కమంటే ఎక్కడికి ఎక్కానో చెప్పాను, అక్కడినుంచి ఏం కనబడిందో చెప్పాను. అంతే ఉంది.